చుక్క ఆగితే ఓడ ఆగినట్టు కాదు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం మీద ఉన్నాయి: ఫోన్‌లో ఓడలు కనిపించే ఆ మ్యాపులు. అందుకని మిగతా ప్రశ్నలు వచ్చే నెలకు దాచి, ఈసారి కాలమంతా వీటికే ఇచ్చేస్తున్నాను. కొత్తగా చదువుతున్నవాళ్లకు నా సంగతి ఒక్క ముక్కలో చెబుతాను. ఓడల మీద మోర్స్ కొట్టే రేడియో ఆఫీసర్‌గా చేరాను. 1999 ఫిబ్రవరి 1 నుంచి ఓడల ఆపద కబుర్ల కోసం తెచ్చిన కొత్త సమాచార వ్యవస్థ పూర్తిగా అమల్లోకి వచ్చి మోర్స్‌తో పని తీరిపోయాక, టూల్ బ్యాగు పట్టుకుని ఎలక్ట్రానిక్స్ రిపేర్ల వైపు మళ్లాను. ఓడ ఎక్కడుందో రేడియోలో చాటే ఏఐఎస్ పెట్టెలు ఓడల్లోకి ఎక్కిన రోజుల్లో వాటికి కేబుళ్లు లాగినవాళ్లలో నేనూ ఒకణ్ణి.

ప్రశ్న: అయ్యా, మా అబ్బాయి సరుకు ఓడలో థర్డ్ ఆఫీసర్. వాడి ఓడ ఎక్కడుందో ఫోన్‌లో చూసుకుంటే గానీ నాకు నిద్ర పట్టదు. మొన్న సముద్రం మధ్యలో చుక్క ఆగిపోయింది. 14 గంటలు కదల్లేదు. ఎంత టెన్షన్ పడ్డానో చెప్పలేను. మర్నాడు చూస్తే 360 కిలోమీటర్ల అవతల తేలింది. మధ్యలో ఏమైంది? వాణ్ణి అడిగితే నవ్వుతాడు. (ఒక నావికుడి తల్లి)

అమ్మా, మధ్యలో ఏమీ కాలేదు. మీరు రాసిన అంకెలే ఆ మాట చెబుతున్నాయి. సరుకు ఓడ మామూలుగా గంటకు 14 నాటికల్ మైళ్లు నడుస్తుందనుకోండి. 14 గంటల్లో 196 మైళ్లు. ఒక నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు, అంటే 363 కిలోమీటర్లు. మీ లెక్క 360. ఓడ ఒక్క నిమిషం కూడా ఆగలేదు, ఆగింది మీ ఫోన్‌లో చుక్క ఒక్కటే.

ఇలా ఎందుకవుతుందో కాస్త వివరంగా చెబుతాను, మరోసారి ఇదే జరిగితే మీకు ధైర్యంగా ఉంటుంది. మీ అబ్బాయి ఓడ బ్రిడ్జిలో, అంటే ఓడను నడిపే గదిలో, ఏఐఎస్ అని ఒక పెట్టె ఉంటుంది. అది రెండు ఫ్రీక్వెన్సీల మీద, 161.975, 162.025 మెగాహెర్ట్జ్ మీద, మార్చి మార్చి మాట్లాడుతుంది. నా నంబరు ఇది, నేనిక్కడున్నాను, ఇంత వేగం, ఇటు వెళుతున్నాను అని. లంగరు వేసి ఉంటే 3 నిమిషాలకోసారి, 14 నాట్ల (నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు) లోపు నడుస్తుంటే 10 సెకన్లకోసారి, 23 నాట్లు దాటితే 2 సెకన్లకోసారి. అంతర్జాతీయ ప్రయాణాలు చేసే 300 టన్నేజీ పైబడిన ఓడలన్నీ 2004 చివరికల్లా దీన్ని పెట్టుకోవాల్సి వచ్చింది. అది మనం చూసుకోవడానికి పెట్టింది కాదు సుమా. ఓడలు ఒకదాన్నొకటి గుద్దుకోకుండా పెట్టింది. మనం పక్కనుంచి వింటున్నాం, అంతే.

ఇది వీహెచ్‌ఎఫ్ రేడియో. భూమి వంపు దాటి వెళ్లదు. రెండు ఓడల మధ్య 20 మైళ్లు, తీరంలో ఎత్తయిన యాంటెన్నా ఉంటే 40 మైళ్లు, మామూలుగా అంతే. ఉచితంగా చూపించే మ్యాపుల్లో చాలా భాగం తీరం మీద రిసీవర్లు విన్నదే. ఓడ తీరానికి దూరంగా జరగ్గానే వాటికి వినపడదు. ఇక వినాల్సింది పైనున్న ఉపగ్రహం. అది విన్న సమాచారాన్ని కంపెనీలు డబ్బులకు అమ్ముతాయి. ఉచిత మ్యాపులో అది అసలు రాదు, లేదా ఆలస్యంగా వస్తుంది. డబ్బు కట్టినా క్షణక్షణం రాదు. తక్కువ ఎత్తులో తిరిగే ఉపగ్రహం ఒక చోటి మీదుగా పోయేది పది, పన్నెండు నిమిషాలు. విన్నది కింద తమ గ్రౌండ్ స్టేషన్‌కు దించేవరకూ మనదాకా రాదు.

కాబట్టి ఇకమీదట చుక్కను చూడకండి, చుక్క మీద వేలు పెడితే వచ్చే చిన్న పెట్టెలో “చివరిసారి అందినది” అని ఒక సమయం ఉంటుంది, దాన్ని చూడండి. “14 గంటల క్రితం” అని ఉంటే, 14 గంటలుగా ఆ మ్యాపు రిసీవర్లకు వినపడలేదని అర్థం. “2 నిమిషాల క్రితం” అని ఉండి, వేగం సున్నా చూపిస్తే అప్పుడు ఓడ నిజంగా ఆగినట్టు. అప్పుడు కూడా కంగారు పడక్కర్లేదు, రేవు ఖాళీ లేక బయట లంగరేసి ఎదురుచూడటం ఓడలకు మామూలే.

ఇంకో మాట, మీ గుండె నిబ్బరానికి. నిజంగా ఆపద వస్తే పిలిచేది ఈ ఏఐఎస్ కాదు. డెక్కు మీద ఈపెర్బ్ అని వేరే పరికరం ఉంటుంది. ఓడ మునిగితే నీటి ఒత్తిడికి దానంతట అదే విడిపోయి పైకి తేలి, 406 మెగాహెర్ట్జ్ మీద దాదాపు 50 సెకన్లకోసారి కేక పెడుతుంది. ఆ కేక వినడానికే కాస్పాస్-సార్సాట్ ఉపగ్రహాలున్నాయి. ఆ కబురు వెళ్లేది రెస్క్యూ కేంద్రానికి, ఉచిత మ్యాపుకు కాదు.

మీ అబ్బాయి నవ్వాడన్నారు. మా అమ్మకు నేను ఓడ నుంచి రాసిన ఉత్తరం అందేసరికి నేను మరో రెండు రేవులు దాటి ఉండేవాణ్ణి. వాడికేం తెలుసు.

ప్రశ్న: సార్, నేను ఈసీఈ మూడో సంవత్సరం. ఏఐఎస్ 12.5 వాట్లే కదా. 40 మైళ్లు కూడా సరిగ్గా పోని సిగ్నల్ 600 కిలోమీటర్ల ఎత్తున ఉపగ్రహానికి ఎలా వినపడుతుంది? వినపడితే మరి రద్దీ సముద్రాల్లో ఓడలు శాటిలైట్ డేటాలో ఎందుకు మాయమవుతాయి?

నీ మొదటి ప్రశ్నకు జవాబు చిన్నది. 40 మైళ్ల దగ్గర ఆగిపోయేది పవర్ చాలక కాదు, మధ్యలో భూమి అడ్డొచ్చి. పైకి చూస్తే అడ్డేముంది? అంతరిక్ష కేంద్రం నుంచి వ్యోమగాములు 145.8 మెగాహెర్ట్జ్ మీద మాట్లాడితే నేల మీద చేతిలో పట్టుకునే సెట్‌తో వింటున్నారు కదా, ఇదీ అంతే, దిశ తిరగబడింది. ఒక్క తిరకాసు ఉంది. ఓడ యాంటెన్నా నిలువు కడ్డీ. దాని బలం పక్కలకు పోతుంది, సరిగ్గా నెత్తి మీదకు పోదు. అందుకని ఉపగ్రహం నడినెత్తిన ఉన్నప్పటికన్నా ఓ పక్కకు ఒరిగి ఉన్నప్పుడే బాగా వింటుంది.

రెండోది అసలు ప్రశ్న, దీన్ని నిదానంగా చదువు. ఏఐఎస్‌లో ఒక నిమిషాన్ని 2,250 స్లాట్లుగా కోశారు. ఒక్కో స్లాట్ 26.67 మిల్లీసెకన్లు. వేగం సెకనుకు 9,600 బిట్లు, కాబట్టి స్లాట్‌కు 256 బిట్లు. రెండు ఛానెళ్లు కలిపి నిమిషానికి 4,500 స్లాట్లు. అందరి గడియారం జీపీఎస్ నుంచి వస్తుంది గనక స్లాట్ ఎక్కడ మొదలవుతుందో అందరికీ తెలుసు. ప్రతి ఓడా ఇప్పుడు మాట్లాడుతూనే తర్వాత ఏ స్లాట్ తీసుకుంటుందో చెబుతుంది, మిగతావాళ్లు దాన్ని వదిలేస్తారు. పైన పెద్ద ఎవరూ లేరు, తీరంలో కూర్చుని నడిపించే బేస్ స్టేషన్ అక్కర్లేదు. రద్దీ మరీ ఎక్కువైతే ఏం చేస్తుందంటే, అందరిలోకీ దూరంగా ఉన్న ఓడ స్లాట్‌ను వాడేసుకుంటుంది. దగ్గరున్నవాడి మాట ముఖ్యం, దూరపువాడి మాట పోతే పోయింది. గుద్దుకోకుండా ఉండటానికి ఇంతకన్నా తెలివైన పద్ధతి నేను చూడలేదు.

కానీ ఆకాశం నుంచి వింటే ఇదే శాపమవుతుంది. బళ్లో ప్రతి క్లాసులో పిల్లలు ఒకరి తర్వాత ఒకరు “ప్రెజెంట్ సార్” అంటారు, క్లాసులో ఉన్న టీచరుకు తికమక లేదు. బడికి పైకప్పు తీసేసి పైనుంచి వింటే? పది క్లాసుల “ప్రెజెంట్ సార్”లు ఒక్కసారే వినపడతాయి. 600 కిలోమీటర్ల ఎత్తున్న ఉపగ్రహానికి దాదాపు 5,000 కిలోమీటర్ల వెడల్పున సముద్రం కనిపిస్తుంది. ఒకరికొకరు వినపడని వందల గుంపులు, ప్రతి గుంపూ తన మట్టుకు చక్కగా స్లాట్లు పంచుకుంది. పైన మాత్రం ఒకే స్లాట్‌లో నాలుగైదు ఓడలు.

దీనికి తోడు దూరం. మామూలు ఏఐఎస్ మెసేజీ చివర 24 బిట్ల ఖాళీ ఉంచారు. అందులో సిగ్నల్ ప్రయాణానికి మిగిలేది దాదాపు సగం, అంటే సుమారు 200 మైళ్ల దూరానికి సరిపడా. ఉపగ్రహానికి క్షితిజం మీదున్న ఓడ దాదాపు 2,800 కిలోమీటర్లు. కాంతి వేగంతో వచ్చినా 9 మిల్లీసెకన్లు పైనే. కిందున్న ఓడ సిగ్నల్ 2 మిల్లీసెకన్లలో వచ్చేస్తుంది. అంటే పక్క పక్క స్లాట్లలో మాట్లాడినవాళ్లు కూడా పైకి చేరేసరికి ఒకరి మీద ఒకరు పడతారు.

మరి దీనికి విరుగుడు? మొదటిది, నీ చదువుకు పనికొచ్చేది, డాప్లర్. ఉపగ్రహం సెకనుకు 7.5 కిలోమీటర్లు పరుగెడుతుంది. ఎదురుగా ఉన్న ఓడ స్వరం (అంటే ఫ్రీక్వెన్సీ) పైకి, వెనక పడ్డ ఓడ స్వరం కిందికి, దాదాపు 4 కిలోహెర్ట్జ్ వరకూ జరుగుతుంది. ఇది మామూలు రిసీవర్‌కు తలనొప్పి. తెలివైన రిసీవర్‌కు వరం, ఒకదాని మీద ఒకటి పడ్డ రెండు మెసేజీలను ఆ స్వరభేదంతోనే విడదీయొచ్చు. కొందరు ఆ పని ఉపగ్రహంలోనే చేస్తారు, కొందరు విన్న రొదనంతా అలాగే నేలకు దించి పెద్ద కంప్యూటర్లతో చిక్కు తీస్తారు. రెండోదే ఎక్కువ ఓడల్ని పట్టుకుంటుంది, కాకపోతే దించాల్సిన డేటా కొండంత.

రెండో విరుగుడు, ఆకాశం కోసమే వేరే మాట పుట్టించడం. అదే 27వ నంబరు మెసేజీ. మామూలు స్థానం మెసేజీలో డేటా 168 బిట్లు, దీంట్లో 96 బిట్లే. మిగిలినదంతా ఖాళీగా వదిలారు. ఆ ఖాళీ కూడా 96 బిట్లు, అంటే 10 మిల్లీసెకన్లు. పైన చెప్పిన 9 మిల్లీసెకన్ల దూరం అందులో ఇమిడిపోతుంది. లెక్క వేసి చూడు, ఎవరో కూర్చుని కొలిచి కుట్టినట్టుంటుంది. మామూలు మెసేజీలో స్థానం నిమిషంలో పదివేలో వంతు వరకూ చెబుతారు, ఇందులో పదో వంతుతో సరిపెట్టారు. అది దాదాపు 185 మీటర్లు, నడిసముద్రంలో చాలదూ? 3 నిమిషాలకోసారే పంపుతుంది. దీనికి ఫ్రీక్వెన్సీలు కూడా వేరు: 156.775, 156.825. అంటే వీహెచ్‌ఎఫ్ 75, 76 ఛానెళ్లు. ఇవి ఆపద ఛానెల్ 16కు అటూ ఇటూ కాపలాగా దాదాపు ఖాళీగా ఉంచినవి. ఎవరూ అరవని చోట చిన్నగా చెప్పినా వినపడుతుంది కదా. 2012 ప్రపంచ రేడియో సమావేశంలో వీటిని ఉపగ్రహం వినడానికి కేటాయించారు. తీరంలో బేస్ స్టేషన్ ఉన్న చోట ఓడ ఈ మెసేజీ ఆపేస్తుంది, అక్కడ వినడానికి తీరమే ఉంది కనక.

ఉపగ్రహంతో ఏఐఎస్ వినడం కొత్త సంగతేం కాదు. కెనడా వాళ్ల ఎన్‌టీఎస్ అనే చిన్న ఉపగ్రహం 2008 ఏప్రిల్‌లో, నార్వే వాళ్ల ఏఐఎస్‌శాట్-1 2010 జులైలో వెళ్లాయి. రెండూ 20 సెంటీమీటర్ల ఘనాలు, రెండింటినీ ఎత్తుకెళ్లింది మన పీఎస్‌ఎల్‌వీయే. ప్రాజెక్టు చేయదలిస్తే డాప్లర్ వైపు వెళ్లు, స్లాట్ల సిమ్యులేషన్ అందరూ చేసేదే.

ప్రశ్న: చిన్న సరుకు ఓడలో చీఫ్ ఆఫీసర్ని. పగలు మా ఏఐఎస్ 20 మైళ్ల దూరంలోని ఓడల్ని చూపిస్తుంది. రాత్రయితే 6 మైళ్లు దాటి ఎవరూ కనపడరు. చిత్రమేమిటంటే ఒడ్డున ఉన్న మా ఆఫీసుకు, శాటిలైట్ మ్యాపుకు మేం రాత్రి కూడా చక్కగా కనిపిస్తున్నాం. సెట్ పాడైందా?

సెట్ బాగానే ఉంది. చెవి మూసుకుపోయింది, గొంతు బాగానే ఉంది. పంపడం సరిగ్గా జరుగుతోంది గనకే ఉపగ్రహం మిమ్మల్ని వింటోంది. వినడమే చెడింది, అదీ చీకటి పడ్డాకే. రాత్రి పూట ఓడలో కొత్తగా మొదలయ్యేది ఏమిటి? దీపాలు. ఈమధ్య మాస్ట్ (ఓడ మీది స్తంభం) మీద పాత బల్బులు తీసి ఎల్‌ఈడీలు పెట్టారేమో చూడండి.

నాకు సరిగ్గా ఇదే అనుభవమైంది. రెండు రోజులు కేబుల్ తీసి, కనెక్టర్లు శుభ్రం చేసి, యాంటెన్నా మార్చి, ఆఖరికి సెట్ మీద నింద వేసి కొత్తది కావాలని కాగితం కూడా రాశాను. మూడో రోజు సాయంత్రం బ్రిడ్జిలో నిలబడి ఉండగా కుర్రాడొకడు నావిగేషన్ లైట్లు వేశాడు. వేసిన క్షణం నుంచీ స్క్రీన్ మీద దూరపు ఓడల్ని చూపే త్రికోణాలు ఒక్కొక్కటే కొత్త కబురు అందక, గీత కొట్టుకుని, పోయాయి. ఆర్పమన్నాను, తిరిగొచ్చాయి. నాసిరకం ఎల్‌ఈడీ దీపంలో కరెంటును తగ్గించే చిన్న సర్క్యూట్ ఉంటుంది, అది వీహెచ్‌ఎఫ్ బ్యాండ్ అంతా రొద చిమ్ముతుంది. దీపం పక్కనే మీటరు దూరంలో ఏఐఎస్ యాంటెన్నా. ఎవరు అమ్మారన్నది ఇక్కడ అనవసరం, పెట్టెమీద మాత్రం మెరైన్ గ్రేడ్ అని పెద్ద అక్షరాలతో ఉంది. ఇది నా ఒక్కడి గోల కాదు, 2018 ఆగస్టులో అమెరికా కోస్ట్ గార్డ్ ఇదే విషయం మీద హెచ్చరిక జారీ చేసింది.

పరీక్ష తేలిక. అన్ని దీపాలూ ఆర్పండి. వీహెచ్‌ఎఫ్ సెట్‌ను ఎవరూ మాట్లాడని ఛానెల్‌లో పెట్టండి. స్క్వెల్చ్ (రొదను అణిచే మీట) తిప్పుతూ, బుస్సుమనే శబ్దం సరిగ్గా ఆగిన చోట ఆపండి. ఇప్పుడు దీపాలు ఒక్కొక్కటిగా వేయండి. ఏ దీపం వేస్తే బుస్సుమంటుందో దొంగ అదే. తాత్కాలికంగా ఆ దీపం వైరుకు రొదను తగ్గించే ఫెరైట్ క్లిప్ వేయొచ్చు, అసలు మందు దీపాన్ని మార్చడమే. అప్పటిదాకా రాత్రి కాపలా డ్యూటీలో ఏఐఎస్‌ను నమ్మకండి, రాడార్ చూసుకోండి. వీహెచ్‌ఎఫ్ ఛానెల్ 16 కూడా అలాగే చెవిటిదై ఉంటుంది, అది ఇంకా ప్రమాదం.

ప్రశ్న: ఓడ కావాలని ఏఐఎస్ ఆపేస్తే ఇక ఎవరికీ దొరకదా?

ఆపడం నేరమే అని తీర్మానించకండి ముందు. సముద్రపు దొంగల భయం ఉన్న చోట కెప్టెన్ తన విచక్షణతో ఆపొచ్చు, లాగ్‌బుక్‌లో రాయాలి. దొంగ సరుకు మోసేవాళ్లు, చేపల దొంగలు ఆపేది వేరే సంగతి.

ఏఐఎస్ ఆపినా మిగిలేవి చాలా ఉన్నాయి. ఎల్‌ఆర్‌ఐటీ అని 2008 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న నియమం ఉంది. ఓడ 6 గంటలకోసారి తన స్థానాన్ని ఉపగ్రహం ద్వారా తన జెండా దేశానికి, అంటే తాను రిజిస్టరైన దేశానికి, పంపాలి. ఇది అందరికీ వినపడే ప్రసారం కాదు, 1.6 గిగాహెర్ట్జ్ దగ్గర నేరుగా ఉపగ్రహానికి పోయే కవరు లాంటిది. మీకూ నాకూ కనపడదు. అదీ ఆపేశాడనుకుందాం. రాడార్ ఆపగలడా? చీకట్లో, రద్దీలో రాడార్ లేకుండా నడపడానికి గుండె ధైర్యం కావాలి. ఓడ రాడార్ 9.4 గిగాహెర్ట్జ్ దగ్గరో 3 గిగాహెర్ట్జ్ దగ్గరో గట్టిగా కొడుతుంది. జట్టుగా తిరిగే ఉపగ్రహాలు ఆ దెబ్బను విని, ఒక్కోదానికి ఎంత తేడాతో అందిందో చూసి, ఓడ ఎక్కడుందో లెక్క కడతాయి. హాక్‌ఐ 360 అనే కంపెనీ 2018 డిసెంబర్‌లో ఇలాంటి మూడింటిని పంపింది.

నన్నడిగితే ఆపేవాడికన్నా అబద్ధం చెప్పేవాడు కష్టం. ఏఐఎస్‌లో తాళం లేదు, గుర్తింపు పరీక్ష లేదు, పెట్టెకు ఏ స్థానం అందిస్తే అదే పలుకుతుంది. ఒక్కోసారి ఓడవాళ్లకే తెలియకుండా జరుగుతుంది. 2017 జూన్‌లో నల్ల సముద్రంలో నొవొరొసిస్క్ దగ్గరున్న ఓడల జీపీఎస్‌లు తాము ఒడ్డున ఒక విమానాశ్రయంలో ఉన్నట్టు చూపించాయి. ఇలాంటప్పుడు మళ్లీ డాప్లరే సాక్షి. ఓడ చెప్పిన చోటి నుంచి వస్తే సిగ్నల్ స్వరం ఇంత జరగాలి అని ఉపగ్రహానికి లెక్క తెలుసు. జరగలేదంటే నోరు ఒకటి చెబుతోంది, గొంతు ఒకటి చెబుతోంది అన్నమాట.

ప్రశ్న: చవకగా దొరికే యూఎస్‌బీ ఎస్‌డీఆర్ డాంగిల్‌తో (కంప్యూటర్‌కు తగిలించే చిన్న రేడియో రిసీవర్) ఇంట్లోనే ఉపగ్రహం పంపే ఏఐఎస్ డేటా పట్టొచ్చా?

ఉపగ్రహం నుంచి కాదు. అది వినేది 162 మెగాహెర్ట్జ్ దగ్గర, నేలకు దించేది వేరే ఫ్రీక్వెన్సీలో, తన సొంత గ్రౌండ్ స్టేషన్‌కు. తీరానికి దగ్గరుంటే ఓడల నుంచి నేరుగా పట్టొచ్చు. యాంటెన్నాకు రెండు కడ్డీలు, ఒక్కోటి 46 సెంటీమీటర్లు, నిలువుగా, వీలైనంత ఎత్తులో. వినడానికి మీ దేశంలో లైసెన్సు కావాలో లేదో ముందు కనుక్కోండి. ప్రసారం మాత్రం పొరపాటున కూడా వద్దు.

ప్రశ్న: మా తమ్ముడి ఓడ వారం కిందటే రేవు వదిలింది. మ్యాపులో గమ్యం ఇంకా ఆ వదిలిన రేవే చూపిస్తోంది. ఉపగ్రహం పొరపాటా?

పాపం ఉపగ్రహాన్ని అనకండి. స్థానం, వేగం, దిశ పెట్టెలోకి వాటంతట అవే వస్తాయి. గమ్యం, చేరే సమయం, ఓడ ఎంత లోతు మునిగి ఉంది, లంగరేసిందా నడుస్తోందా, ఇవన్నీ మనిషి వేళ్లతో కొట్టాలి. ఆ వేళ్లు సెకండ్ ఆఫీసర్‌వి, రేవు వదిలే గంటలో ఆయనకు వంద పనులు. 22 నాట్ల వేగంతో దూసుకుపోతూ “లంగరేసి ఉన్నాను” అని లోకమంతా చాటుతున్న ఓడల్ని ఎన్నిటిని చూశానో.

నేనూ తక్కువ తినలేదు. ఒకసారి సెట్ రిపేరు చేసి, పాత వివరాలు తిరిగి ఎక్కించేటప్పుడు నిండు సరుకుతో ఉన్నప్పటి లోతు, 11.2 మీటర్లు, అలాగే కొట్టేశాను. ఓడేమో ఖాళీగా ఉంది. తర్వాతి రేవు దగ్గర, ఓడల్ని లోపలికి నడిపించే పైలట్ స్టేషన్ వాళ్లు వీహెచ్‌ఎఫ్‌లో పిలిచి, ఇంత లోతుతో మీకు ఈ పోటుకు లోపలికి దారి లేదు, బయటే ఆగండి అన్నారు. కెప్టెన్ నావైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. ఆ రాత్రే పెట్టె మీద టేపు ముక్క అతికించి, పెన్నుతో “లోతు, గమ్యం, స్టేటస్” అని రాశాను. ఆ ఓడ దిగేవరకూ టేపు అక్కడే ఉంది.